మనుబోలులో దిగని మా పెద్దత్త

ముందుగా పాఠక మహాశయులకు సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు, వాళ్లు పుట్టుకతోనే దేవతలైనట్టు రాయడం మర్యాద. ఆ మర్యాద నాకు చేతకాదు. మా పెద్దత్త, అంటే మా నాయనకు అక్క, పోయిన నెల అల్లూరులో కన్నుమూసింది. నెల్లూరులో ఉన్న నాకు ఆ కబురు అల్లూరు బస్సు కండక్టరు తెచ్చాడు. టిక్కెట్ల సంచి చంకలో సర్దుకుంటూ, "మీ అత్త తెల్లారుజామున పోయిందన్నా, ఇదే బండికి ఎక్కు" అన్నాడు. ఎక్కాను. దారంతా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నన్ను వరసపెట్టి అందరూ మోసం చేశారు. ఆ ఫిర్యాదే ఇది. మధ్యలో ఎక్కడైనా పొగడ్త దొర్లితే మన్నించాలి.

మొదటి ముద్దాయి అత్తే. మామ పోయినప్పటి నుంచి నాలుగెకరాల మాగాణి ఒంటిచేత్తో చేసింది. నేను బీయస్సీ మొదటిసారి తప్పిన సంగతి మా నాయనకంటే ముందు ఆమెకే చెప్పాను. ఆమె మా నాయన ముందు నిలబడి, పరీక్షలప్పుడు పిలగాడికి జొరమని కళ్లార్పకుండా అబద్ధమాడింది. ఆ ఒక్క అబద్ధం పుణ్యాన నేను పట్టభద్రుణ్ణయ్యాను. నా రహస్యాలన్నీ అట్లా దాచిన మనిషి, తన రొమ్ములో గడ్డ ఉందన్న సంగతి ఏడాదిపాటు నాకు చెప్పలేదు. రవిక తడిసి బయటపడ్డాక కూడా, "సెగగడ్డరా అల్లుడా, నీ పుస్తకాల్లో ఉండదులే" అంది. సైన్సు చదివిన మేనల్లుణ్ణి పక్కన పెట్టుకుని పసుపు నూరి కట్టుకుంది!

నిజానికి ఆ జబ్బు తీరు ఆమెకు తెలియంది కాదు. వరిమడిలో ఊద అని ఒక కలుపు మొలుస్తుంది. లేతలో చూస్తే వరిలాగే ఉంటుంది. గింజ పట్టాక నీళ్లలోకి రాలి, నీళ్లతోపాటే పై మడి నుంచి కింది మడికి దిగిపోతుంది. అత్త కలుపుతీసేవాళ్ల వెనకాలే నడిచేది. పీకిన ఊదను గట్టు మీద కూడా వేయనిచ్చేది కాదు. గోనెసంచిలో వేయించి, దూరంగా తీసుకుపోయి, ఎండబెట్టి కాల్పించేది. "పీకేది గొప్పేంది? రాలకముందు పీకాల. కాలవలో మాత్రం పడెయ్యబాకండి" అని రోజంతా అదే పాట. "నువ్వు మా కాలేజీకి వస్తే బాటనీ మేష్టరు ఉద్యోగం పోతుందత్తా" అని నేనంటే, "ఆయన్ని ఈడికి రమ్మను, కలుపుకు పెడతా" అనేది.

ఈ పట్టుదల వెనక చిన్నత్త ఉంది. అక్కచెల్లెళ్ల మడులు ఒకదాని కింద ఒకటి. అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడు, చిన్నత్త నలుగురిలో నిలబడి, తన మడిలోని ఊదంతా అక్క పంపించిందేనంది. పెద్దత్తకు తల కొట్టేసినట్టయింది. చిన్నత్త మడి కౌలుకిచ్చి మనుబోలులో కాపురం పెట్టింది. ఆ తర్వాత ఏడేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. రాజీ చేయబోయిన మా నాయన రెండు ఊళ్లలోనూ తిట్లు తిని వచ్చాడు.

గడ్డ సంగతి తెలిశాక అత్తను మద్రాసు తీసుకెళ్లింది నేనే. పోయేటప్పుడు రైలు మనుబోలులో ఆగింది. అత్త ప్లాట్‌ఫారం చూడకుండా నాతో అంది: "ఇది ఒళ్లంతా పాకిందని డాక్టరు చెప్తే, వచ్చేటప్పుడు ఈడ దిగుదాం. పాకలేదంటే నా చెల్లెలే రానీ. పెద్దదాన్ని, ముందు నేనెందుకు పోవాల?"

రొమ్ము తీసేశారు. రేడియేషన్ కరెంటు పెట్టారు. రెండు నెలలకు ఇల్లు చేరాం. ఎడమ చెయ్యి పైకి లేవకపోయినా కుడిచేత్తో ఊదను చూపిస్తూ, ఏడాదిన్నరపాటు అత్త మడిలోనే ఉంది. తర్వాత నడుంనొప్పి వచ్చింది. నాట్ల నడుమేలే అంది. దగ్గు వచ్చింది. పొలంలో దుమ్మంది.

రెండో ముద్దాయి రక్తం. పరీక్షలో గుండె బొమ్మ గీసి, మంచి రక్తానికి ఎర్ర పెన్సిలు, చెడు రక్తానికి నీలం పెన్సిలు దిద్ది మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. అన్నాన్నీ గాలినీ ఒళ్లంతా పంచిపెట్టే పరోపకారి అని రాశాను. ఎవరిని ఎక్కించుకుంటున్నదీ అది అడగదని నాకెవరూ చెప్పలేదు. గడ్డలోంచి కంటికి ఆనని కణాలు ఊడి సన్నటి సిరల్లో పడతాయి. నీలం దారిన గుండెకు, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకు పోతాయి. చాలావరకు దారిలోనే చస్తాయి. కొన్ని ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి. కొన్ని దాటుకుని ఎర్ర దారిన ఎముకలకో కాలేయానికో చేరతాయి. చేరినవాటిలో ఏ ఒకటో రెండో నిలదొక్కుకుంటే చాలు. కత్తి పెట్టేనాటికే బయల్దేరి ఉండొచ్చు. నెలలో ఏళ్లో ఊరికే పడుకుని, తర్వాత లేవొచ్చు. అత్త ఊపిరితిత్తుల్లో మొలిచింది వేరే జబ్బు కాదు, ఆ రొమ్ము గడ్డే. ఆమె బతకడానికి కొట్టుకున్న గుండే దాన్ని అక్కడికి తోలింది. నమ్మకద్రోహమంటే ఇంకేముంటుంది?

నెల్లూరులో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి మచ్చలు చూపిస్తుంటే అత్త దానివైపు చూడలేదు. నావైపు చూసింది. చిన్నత్తను పిలిపిస్తానంటే వద్దంది.

"ఇప్పుడు పిలిస్తే చావు చూడను పిల్చినట్టుంటది. నేనే నడిచి పోయుండాల్సింది. ఇంగ కాళ్లు లేవు గదరా."

ఆమె పోయినరోజు చిన్నత్త వచ్చింది. అక్క పాదాల దగ్గర కూర్చుని నన్నడిగింది: "సదువుకున్నోడివి గదా అబ్బయా, నీకు గూడా తెలవలేదా?" మద్రాసు డాక్టరు మనకు సరిగ్గా చెప్పలేదత్తా అన్నాను. అట్లా మూడో ముద్దాయి దొరికాడు. వచ్చినవాళ్లంతా ఆయన్ని తిట్టారు. నేనూ తిట్టాను.

ఆ డాక్టరు సరిగ్గానే చెప్పాడు. నన్ను వరండాలోకి పిలిచి, కణాలు అప్పటికే రక్తంలో పడి ఉండొచ్చు, పడలేదని ఎవరూ చెప్పలేరు, ఆమెకు ఈ మాట చెప్పు, మూడు నెలలకోసారి తీసుకురా అన్నాడు. తిరుగు రైల్లో గూడూరు దాటాక అత్త నన్ను అడిగింది.

"వేరు తీసినారు సరే. గింజ రాలిందేమో అడిగినావా?"

మా కాలేజీలో ఏ మేష్టరూ నన్ను అంత సూటి ప్రశ్న అడగలేదు. అంత కోత పడ్డ మనిషికి ఆ మాట చెప్పలేకపోయాను. నా పిరికితనానికి దయ అని పేరు పెట్టుకున్నాను.

"అడిగానత్తా. రాలలేదన్నాడు."

నేను చేసింది ఇదొక్కటే.

మనుబోలులో రైలు ఆగింది. అత్త సగం లేచి, పైట సర్దుకుని, మళ్లీ కూర్చుంది. "అట్టయితే తొందరేముందిలే" అంది. రైలు కదిలాక కిటికీ కమ్మీ పట్టుకుని, ఊళ్లోకి నడిచిపోతున్న ఆడవాళ్ల మొహాలు ఒక్కొక్కటే వెతుకుతూ, ప్లాట్‌ఫారం అయిపోయేదాకా చూస్తూనే ఉంది.