గోరంట్ల సంతలో పేరు బేరం

బెంగుళూరులో హిందూపురం వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కేసరికి ఉదయం ఆరు కావస్తోంది. నా గుడ్డసంచిలో ఒక జత బట్టలు, వాటి మడతల్లో రెండు లక్షల రూపాయలు ఉన్నాయి. సంచిని పైన పెట్టే ధైర్యం లేక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఎందుకు బయల్దేరానో ముందే చెప్పాలి. డాట్‌కామ్ అంటే చాలు, బెంగుళూరులో పెద్ద పెద్దవాళ్లు పిలిచి కుర్చీ వేస్తున్న రోజులవి. నేనూ, నాలాగే కదిరి వైపు నుంచి వచ్చిన నా స్నేహితుడు ప్రసాదూ ఉద్యోగాలు మానేసి, పశువుల ధరలు, మేం చెనక్కాయలనే వేరుశెనగ ధరలు ఇంటర్నెట్‌లో పెట్టే కంపెనీ మొదలుపెట్టాం. సుజాత అనే అమ్మాయి నిక్షేపం లాంటి ఉద్యోగం వదులుకుని వచ్చి మాకు ప్రోగ్రాములు రాస్తోంది. పెట్టుబడి పెట్టగలిగిన ఒకాయన మేం పెట్టుకున్న బారెడు పేరు చూసి పెదవి విరిచాడు. "నోట్లో నిలిచే పేరుతో రండి, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు.

'సంత' డాట్‌కామ్ అయితే చాలనిపించింది. తీరా చూస్తే ఆ పేరును గోరంట్లలో ఎస్టీడీ బూతు నడిపే మహబూబ్ అనే అతను అప్పటికే కొనిపెట్టుకున్నాడు. ముందురోజు ఫోన్ చేస్తే, "రేపు మధ్యాన్నం హైదరాబాదోళ్లు ఫోన్ చేస్తామన్నారన్నా. ఆలోగా వస్తే నీకే. బేరం మాత్రం మా అబ్బతోనే, సంతలో ఉంటాడు" అన్నాడు. వాళ్ల నాన్న పశువుల దళారి.

సంచిలో ఉన్నది మా కంపెనీ మొత్తం సొమ్ము. గది అద్దె, సుజాత జీతం అందులోంచే రావాలి. "ఉన్నదంతా పెట్టయినా కొనుక్కురా. పేరుంటే దుడ్లు అవే వస్తాయి" అన్నాడు ప్రసాద్. నాకు మాత్రం రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

రైల్లో ఎదురుగా ఖాళీ పూలబుట్టలతో ఒక పెద్దామె కూర్చుంది. "ఏం పని మీద పోతాండావప్పా?" అంది. కంపెనీకి పేరు కొనడానికని చెప్పాను.

"కంపెనీ బాగా జరుగుతాండాదా?"

"ఇంకా మొదలవలేదమ్మా."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాదే!"

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట హిందూపురం దాకా గుచ్చుతూనే ఉంది.

ఎనిమిదిన్నరకు హిందూపురంలో దిగి బస్టాండుకు నడిచాను. బయట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను, సంచిని రెండు కాళ్ల మధ్య బిగించుకుని. ఆ దారిన వెళ్లేవాళ్లు తప్పకుండా తినండి. నాకు మాత్రం రుచి తెలియలేదు.

తొమ్మిదింటి కదిరి బస్సు సగం దారిలో టైరు పంక్చరై ఆగింది. సంత మధ్యాహ్నానికల్లా చెదిరిపోతుంది. ఎండలో నిలబడి ఊరికే గడియారం చూసుకుంటున్నాను. చుట్టూ విత్తనం పడని ఎర్ర చేలు. పక్కనే చెప్పుల్లేకుండా నిలబడ్డ ఓబులేసు అనే రైతు బీడీ వెలిగించి, "నాకూ తొందరే అన్నా, నా ఎద్దు సంతలో ఉండాది. నా తమ్ముడు తెల్లారకముందే తోలుకుపోయినాడు" అన్నాడు.

హిందూపురం ఎందుకు వచ్చాడో అడిగాను. వరిగడ్డి ధర కనుక్కోవడానికట. "ఈసారి వానల్లేక చెనక్కాయ కట్టె కూడా లేదు. ఉండేది జత. రెండిటికీ మేత యాడ తెచ్చేది? మంచిదాన్నే అమ్ముతాండా. రెండోదాన్ని ఎవురూ అడగరు" అన్నాడు. బీడీ పారేసి అటు తిరిగాడు.

సంతకు చేరేసరికి పదకొండు దాటింది. ఎముకలు తేలిన ఎడ్లు వరసగా నిలబడి ఉన్నాయి. అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లు కనబడలేదు. రోడ్డు పక్క బూతులోంచి మహబూబ్ వచ్చి నన్ను వాళ్ల నాన్న దగ్గరకు తీసుకెళ్లాడు. తెల్లగడ్డం, భుజాన ఎర్ర తువ్వాలు. నేను కూర్చోకముందే, "రెండు లక్షలు తెచ్చాను" అనేశాను.

చుట్టూ ఉన్నవాళ్లు టక్కున మాటలాపి నా సంచి వైపు చూశారు. సంచిని దగ్గరకు లాక్కున్నాను. సంతలో ధర నోటితో పలికేవాడు ఉండడు. చిన్నప్పుడు చూసిందే, ఆదరాబాదరాలో మరిచాను.

"నోటితో కాదప్పా" అని పెద్దాయన నా కుడిచేతిని పట్టుకుని తువ్వాలు కప్పాడు. వేలికి యాభై వేలు అన్నాడు మహబూబ్. పెద్దాయన నా నాలుగు వేళ్లూ కలిపి నొక్కాడు. నేను ఒకటి పట్టుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండు పట్టుకున్నాను. చాలాసేపటికి ఆయన మూడు దగ్గర, అంటే లక్షన్నర దగ్గర ఆగాడు. ఇక నేను తిరిగి నొక్కితే పేరు మాది.

అప్పుడే ఓబులేసు పలుపు విప్పుకుని పక్కకు తప్పుకోగా, కొన్నవాళ్లు అతని ఎద్దును నా ముందు నుంచి తోలుకెళ్లారు. నున్నటి తెల్ల ఒళ్లు, ఎత్తు మూపురం. సంతలో అంత అందమైన ఎద్దు లేదు. దాన్ని సగం ధరకే కొన్నారని పక్కవాళ్లు చెప్పుకుంటున్నారు. మేపలేనివాడి దగ్గర అందం ఎన్నాళ్లు నిలుస్తుంది? వేళ్ల మీద ఆయన పట్టు బిగిసింది. అద్దె, సుజాత జీతం, ప్రసాద్ ముఖం అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. నాకు నిజంగా భయం వేసింది.

నా వేళ్లు కదల్లేదు. పెద్దాయన కాసేపు చూసి, "తీసుకో నాయనా చెయ్యి. మనసు లేని బేరం మాకొద్దు" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

మహబూబ్ బూతు నుంచే ప్రసాద్‌కు ఫోన్ చేశాను. బేరం మూడు వేళ్ల దగ్గర వదిలేశానని, ఓబులేసు ఎద్దు సంగతి కూడా చెప్పాను. "నీకు పిచ్చి పట్టినాదా? నువ్వు పోయింది ఎద్దును చూసేకా, పేరు కొనేకా? పో, ఇంకో వేలు పట్టుకో!" అని అరిచాడు. జవాబు చెప్పేలోగా మహబూబ్ నా భుజం తట్టాడు. "లైను ఖాళీ చెయ్యన్నా, హైదరాబాదోళ్లు చేస్తారు."

పెట్టేశాను. రోడ్డు మీద హిందూపురం బస్సు హారను కొడుతోంది. బస్సెక్కి కూర్చున్నాక వెనక బూతులో ఫోను మోగడం వినబడింది. దిగి పరుగెత్తుదామని రెండుసార్లు లేచాను. బస్సు కదిలింది.

ఓబులేసు అదే బస్సులో ఉన్నాడు. మిగిలిన ఎద్దుకు గడ్డి కొనడానికి మళ్లీ హిందూపురానికే. చేతిలో చుట్టిన పలుపు. మా వైపు ఎద్దును అమ్మినా దాన్ని కట్టిన తాడు ఇవ్వరు, ఇంటికి తెచ్చుకుంటారు.

"నీ పేరు కొంటివా అన్నా?"

"లేదు."

"నేను అమ్మితి. ఉండేదానికి ఉగాది దాకా గడ్డి అయితాది" అని పలుపును నిమురుతూ కూర్చున్నాడు.

సాయంత్రం రైలు కిటకిటలాడుతోంది. నేను చేసింది తెలివైన పనో, చేతకానితనమో ఇవాళ్టికీ గట్టిగా చెప్పలేను. మంచి పేరుకు విలువ లేదని కాదు. పేరు కొన్నాక దాన్ని మేపడానికి చేతిలో ఏం మిగులుతుందో చూసుకోకుండా ఎవరూ గోరంట్ల బస్సెక్కవద్దని మాత్రం చెబుతాను.

బెంగుళూరు స్టేషనుకు ప్రసాద్ వచ్చాడు. నా భుజం మీది సంచి లాక్కుని బరువు చూశాడు, విసవిసా ముందు నడిచాడు. బయట టీ కొట్టు దగ్గర ఆగి రెండు టీలు చెప్పాడు. గ్లాసు సగమయ్యాక, నా వైపు చూడకుండానే అడిగాడు.

"మేత ఎన్నాళ్లకొస్తాది?"

"ఉగాది దాకా."

సంచిని ఛాతీకి ఆనించుకుని, "సుజాత జీతం సంగతి పొద్దున్నించీ అడగలేక అడుగుతాండాది. పోయి చెప్దాం పా" అన్నాడు.