గోదాము మేళం

పందొమ్మిది వందల యాభైల చివర్లో కంబదూరు ప్రాథమిక పాఠశాలలో అయివారుగా చేరాను. ముదిగుబ్బలోని మా ఇంటి నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, పాత దుప్పటిలో మూటగట్టిన తబలా జత వెంట తెచ్చుకున్నాను. బస్సు దిగగానే అందరి చూపూ ఆ మూట మీదే పడింది. తబలా మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను. గొప్పగా వచ్చేదని చెప్పను గానీ తాళం మాత్రం తప్పేవాణ్ణి కాదు.

ఆ ఏడాది బడి వార్షికోత్సవానికి కళ్యాణదుర్గం నుంచి హార్మోనియం వాయించడానికి వస్తానన్న ఆయన రాలేదు. పిల్లలు ముఖాలకు రంగులు పూసుకొని ఎండలో కూర్చున్నారు. పెద్ద అయివారు తల పట్టుకున్నారు. అప్పుడు ఊళ్ళో పెద్ద సేద్యగాళ్ళ ఇంటి రెండో కొడుకు తన హార్మోనియాన్ని జీతగాడి నెత్తిన పెట్టించుకొని వచ్చి, ఎవరినీ అడగకుండా వేదిక మధ్యలో కూర్చున్నాడు. నేను తబలా తెచ్చుకొని పక్కన చేరాను. పాడడానికి పశువుల ఆసుపత్రి కాంపౌండరును పిలుచుకొచ్చారు. ఆయన గొంతు బాగుంటుందని ఊళ్ళో అప్పటికే పేరు. రెండో పాట సగంలో ఉండగా జనం వెనక నుంచి క్లారినెట్టు వినబడింది. తిరిగి చూస్తే పరుపులు కుట్టే భాయి. ఇంటికి పరుగెత్తి వాయిద్యం తెచ్చుకొని, నిలబడిన చోటే మొదలుపెట్టాడు. తలనిండా దూది పీచు. ఆయనను ఎవరూ పిలవలేదు. అయినా ఎవరికీ ఆపమనాలని అనిపించలేదు, అంత బాగా పలికించాడు.

అలా నలుగురం కలిశాం. ఆ సేద్యగాళ్ళ అబ్బాయిని మేము హార్మోనియం అన్న అని పిలిచేవాళ్ళం. హార్మోనియం అన్న వాళ్ళకు బస్టాండు పక్కన శెనక్కాయల గోదాము ఉండేది. బడి వదిలాక నేను, ఆసుపత్రి మూశాక కాంపౌండరు, దూది ఏకడం ముగించి భాయి అక్కడికి చేరేవాళ్ళం. మూటల మధ్య చాప పరుచుకొని కూర్చుంటే శెనక్కాయల వాసన, గోనె వాసన, మట్టి వాసన కలిసి ముక్కుకు తగిలేవి. సాయంత్రమైనా రేకుల కప్పు కింద వేడి తగ్గేది కాదు. చొక్కాలు విప్పి బనియన్లతో కూర్చునేవాళ్ళం. మూటల మీద చేరి వినేవాళ్ళు చేతికి దొరికిన కాయలు ఒలుచుకుంటూ వినేవాళ్ళు. పాట నెమ్మదిగా సాగేటప్పుడు ఆ పొట్టు చిట్లే చప్పుడు కూడా వినబడేది.

మా మేళానికి పేరు పెట్టాలని చాలా రోజులు కొట్లాడుకున్నాం. హార్మోనియం అన్న వాళ్ళ తాత పేరు పెడదామన్నాడు. కాంపౌండరు గానం అనే మాట రావాలని పట్టుబట్టాడు. పేరు దేనికి, చెవులుండేవాళ్ళు వింటారు గదా అని భాయి తేల్చేశాడు. మేము తేల్చుకునేలోపు ఊరు మమ్మల్ని గోదాము మేళం అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరు మాలో ఒక్కరికీ నచ్చలేదు. అదే నిలబడిపోయింది.

ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురితోనూ వేగడం కష్టమే. హార్మోనియం పెట్టె తనది, చాప తనది, గోదాము తనది కాబట్టి పాట కూడా తనదే అనుకునేవాడు హార్మోనియం అన్న. పాడేవాడి గొంతు ఏ శ్రుతిలో ఉందో చూడకుండా తనకు వీలైన మెట్టు మీద మొదలుపెట్టేవాడు. కాంపౌండరుకు మిరియాలు వేసి కాచిన నీళ్ళు పక్కన ఉండాలి. ఎవరైనా దగ్గితే పాట ఆపి, ఆ దగ్గు పూర్తిగా తీరేదాకా వాళ్ళనే చూస్తూ కూర్చునేవాడు. పగలంతా ఊరు ఆయనను గొడ్ల డాక్టరు అని పిలిచేది. గోదాములోనే ఆయన పాటగాడు. భాయి ఎక్కువ మాట్లాడడు. ఆలస్యంగా వస్తాడు. ఒకసారి క్లారినెట్టు నోట పెట్టుకున్నాక ఎప్పుడు దించుతాడో ఎవరికీ తెలియదు. రెండో చరణం అందుకోవాలని కాంపౌండరు నోరు తెరుచుకొని ఎదురుచూసి, మూసుకొని, మళ్ళీ తెరిచేవాడు. నా మీద కూడా ముగ్గురికీ ఫిర్యాదులు ఉండేవి. అవి వాళ్ళు చెప్పాల్సినవి.

అన్నిటికన్నా పెద్ద పేచీ శ్రుతి దగ్గర వచ్చేది. మా ఎండలకు భాయి వాయిద్యం వేడెక్కి శ్రుతి పైకి పోయేది. హార్మోనియం ఉన్నచోటే ఉండేది. రెండూ కలిస్తే పళ్ళు జివ్వుమనేవి.

"నీ పీక పైకి పోతాండాది భాయ్. కొంచెం దించు," అనేవాడు హార్మోనియం అన్న.

"ఎండకు పోతాదన్నా. నువ్వు కూడా ఒక మెట్టు ఎక్కితే నడుమ కలుస్తాం గదా."

"పెట్టె యాడికి వస్తాదప్పా? దాని మెట్లు దానివి."

"అయితే ఎండకు చెప్పు."

వాయిద్యం మెడ దగ్గర కొంచెం బయటికి లాగితే శ్రుతి దిగుతుందని భాయికి తెలుసు. బళ్ళారిలో ఒక పాత బ్యాండు మాస్టరు దగ్గర నేర్చుకున్నవాడు ఆయన. కానీ హార్మోనియం అన్న అడిగిన రోజు లాగేవాడు కాదు. అడగని రోజు తనంతట తానే లాగేవాడు.

ఇన్ని పేచీలున్నా మమ్మల్ని పెళ్ళిళ్ళకు, బడి పండుగలకు పిలిచేవాళ్ళు. ఆ రోజుల్లో ఒక ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ మనసు తేలికవుతుంది. రాప్తాడులో హార్మోనియం అన్న బంధువుల ఇంట పెళ్ళికి వాయించి తిరిగి వస్తున్నాం. కళ్యాణదుర్గం ఇంకా చాలా దూరం ఉందనగా, మిట్టమధ్యాహ్నం బస్సు ఆగిపోయింది. ఎటు చూసినా ఎర్రనేల, అక్కడక్కడా తుమ్మచెట్లు. జనం దిగి బస్సు నీడలో ఒకరినొకరు ఆనుకొని కూర్చున్నారు. మా వాయిద్యాల మూటలు చూసి ఒక ముసలమ్మ, ఊరికే కూర్చునే బదులు ఏదన్నా వాయించకూడదా నాయనా అని అడిగింది.

హార్మోనియం బస్సు మీద కోళ్ళ బుట్టల కింద కట్టి ఉంది. దించే వీలు లేదు. భాయి క్లారినెట్టు తీశాడు. నేను తబలా ముందేసుకున్నాను. ఆ రోజు పెట్టె లేదు కాబట్టి కాంపౌండరు తన గొంతుకు సరిపోయిన శ్రుతిలో పాడాడు. భాయి ఆ గొంతు పక్కనే, ఒకసారి ముందు, ఒకసారి వెనక, తోడుగా నడిచాడు. చరణం దగ్గరికి రాగానే తనంతట తానే ఆగి దారి ఇచ్చాడు. కాంపౌండరు ఆశ్చర్యపోయి చూశాడు. హార్మోనియం అన్న చేతులు ఊరికే ఉండక చప్పట్లతో తాళం వేశాడు. ఒకచోట ఉండబట్టలేక పల్లవి తానూ అందుకున్నాడు. కాంపౌండరు తల తిప్పి చూసేసరికి ఆపేసి, ఎర్రబడిన ముఖంతో మళ్ళీ చప్పట్లకు దిగాడు. మేము అంత బాగా అంతకు ముందూ వాయించలేదు, ఆ తర్వాతా వాయించలేదు. బస్సు బాగైందని డ్రైవరు చెప్పాక కూడా జనం లేవలేదు. ఆయనే వచ్చి మా దగ్గర కూర్చొని ఇంకొక పాట అడిగాడు.

తర్వాత వానలు పోయాయి. మా వైపు అది కొత్త కాదు గానీ, ఆ సారి వరుసగా పోయాయి. విత్తనం వేసినవాళ్ళకు విత్తనమైనా తిరిగి రాలేదు. పెళ్ళిళ్ళు వచ్చే ఏటికి అని వాయిదా పడ్డాయి. గోదాములో మూటలు ఒక్కొక్కటే పోయి, చివరికి మేము, చాప మిగిలాం. ఖాళీ గోదాములో పాట గోడలకు తగిలి తిరిగి వచ్చేది. తబలా మీద ఒక దెబ్బ వేస్తే రెండు వినబడేవి. వినడానికి వచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు. కాయలు లేకపోవడమూ ఒక కారణమే.

అప్పుడు ఊరి పెద్దలు వాన కోసం గాడిదలకు పెళ్ళి చేయాలని నిర్ణయించారు. మేళం వాయించాలని హార్మోనియం అన్నను అడిగారు. ఆయన వెంటనే ఒప్పుకొని, ఆ సాయంత్రం గోదాములో మాకు చెప్పాడు.

కాంపౌండరు మిరియాల నీళ్ళ లోటా కింద పెట్టాడు.

"వారమంతా గొడ్లకు, గాడిదలకు మందులు పోస్తాండా అన్నా. ఈడికి ఎందుకొస్తాండా? ఈ కాసేపన్నా మనిషి మాదిరి కూర్చుందామని. ఇంక వాటి పెండ్లికి పాట కూడా నేనే పాడల్లనా?"

ఊరు వాన కోసం అడిగిందని, కాదంటే బాగుండదని హార్మోనియం అన్న నచ్చజెప్పాడు. కాంపౌండరు మెత్తబడలేదు.

"మాట ఇచ్చే ముందర నన్ను అడిగినావా?"

"ఎవురినడిగేదప్పా? మేళం నాది గదా."

అన్ని రోజులూ ఆయన మనసులో ఉన్నదే అది. నోటితో అనడం మాత్రం అదే మొదలు. భాయి క్లారినెట్టును ముక్కలుగా విప్పి, ఒక్కొక్కటీ తుడిచి, గుడ్డలో చుట్టుకొని వెళ్ళిపోయాడు. ఆయన అంత తొందరగా వాయిద్యం కట్టేయడం నేను ఎన్నడూ చూడలేదు.

పెళ్ళి రోజు పొద్దున్నే గాడిదలకు పసుపు పూసి, పూలదండలు వేసి, ఆడగాడిద మీద ఎర్రచీర కప్పారు. హార్మోనియం అన్న పెట్టెను శాలువాతో మెడకు కట్టుకొని వచ్చాడు. నేను తబలా వదిలి డోలు వేసుకున్నాను. భాయి సమయానికే వచ్చాడు. కాంపౌండరు కూడా వచ్చాడు. ఉతికిన తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా. వచ్చి ఒక ఇంటి అరుగు మీద నిలబడ్డాడు, అరుగు దిగలేదు. ఆయన మనసు మారుతుందేమోనని పాటకు ముందు వచ్చే సంగీతాన్ని మేము మళ్ళీ మళ్ళీ వాయించాం. బహుశా ఆయన కూడా ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకొని పిలుస్తారేమోనని చూశాడు. ఎవరూ పోలేదు.

చివరికి హార్మోనియం అన్న తానే పాడడం మొదలుపెట్టాడు. బొంగురు గొంతు. పై మెట్టు అందేది కాదు. కానీ మాటలు గట్టిగా, విడివిడిగా, వీధి చివరిదాకా వినబడేలా పాడాడు. కాంపౌండరు పాడితే జనం నోరు మూసుకొని వినేవాళ్ళు. ఈయన పాడితే వెనకనున్న ఆడవాళ్ళు పల్లవి అందుకున్నారు. పిల్లలు చిందులేశారు. ఎండిపోయిన ముఖాలతో తిరుగుతున్న మనుషులు చాలా కాలానికి నవ్వారు. కాంపౌండరు కన్నా ఈయప్పే మేలని ఎవరో అన్నారు. ఆ మాట అరుగు మీదికి చేరింది. మళ్ళీ చూసేసరికి ఆయన లేడు.

ఊరేగింపు ఆంజనేయస్వామి గుడి దగ్గరికి రాగానే ఆడగాడిద కాలెత్తి నిలబడిపోయింది. ఎంత తోలినా కదలలేదు. గిట్టలో ముల్లు దిగింది. ఇద్దరు ఆసుపత్రికి పరుగెత్తి కాంపౌండరును పిలుచుకొచ్చారు. ఆయన ఆ తెల్లపంచెతోనే దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గిట్ట ఒళ్ళో పెట్టుకొని ముల్లు తీసి, మందు పూసి, గుడ్డ కట్టాడు. మేళం ఆగి ఉంది. మేము ముగ్గురం ఆయనకు బారెడు దూరంలో నిలబడి ఉన్నాం. ఆయన తలెత్తి మా వైపు చూడలేదు.

ఆ వారం వాన రాలేదు.

వాళ్ళను కలపాలని నేను చేతనైనంత తిరిగాను. కాంపౌండరు ఆసుపత్రి వసారాలో సీసాలు కడుగుతూ నాతో ఒక్క మాట అన్నాడు. "పాటకని ఎవురూ చెయ్యి పట్టి పిలవల్యా. ముల్లుకు మాత్రం పరిగెత్తుకుంటా వచ్చినారు. ఈ ఊర్లో నేనేందో నాకు తెలిసిపోయింది అయివారూ." అన్న వచ్చి అడిగితే ఆలోచిస్తానని మాత్రం చెప్పి పంపాడు.

హార్మోనియం అన్న వాళ్ళ మిద్దె మీద కూర్చొని ఉన్నాడు. నేను ఏమీ అనకముందే అందుకున్నాడు. "నాకూ చిన్నప్పటి నుంచి పాడల్లని ఉండె. గొంతు లేనోడివి, ఒక పెట్టె కొనిస్తా, దాంతో సరిపెట్టుకో అని కొనిచ్చినాడు నాయన. ఆ దినం నేను పాడితే జనం నాతోపాటు పాడినారు. అది తప్పని పోయి యెట్ల చెప్పేది?" ఆయన హార్మోనియం ఎందుకు అంత మొండిగా వాయించేవాడో నాకు అప్పుడు అర్థమైంది.

భాయికి ఎవరితోనూ పేచీ లేదు. ఎప్పటిలాగే గోదాముకు వచ్చాడు. కొన్ని సాయంత్రాలు మేమిద్దరమే కూర్చున్నాం. కాంపౌండరు పాడే చోటు రాగానే, ఆ రోజు బస్సు దగ్గర ఆగినట్టే, ఆయన ఆగేవాడు. పాడేవాళ్ళు లేక నా తబలా ఒక్కటే ఆ ఖాళీలో నడిచేది. పక్కనే ఉన్న వాళ్ళ మిద్దె మీద హార్మోనియం అన్న పచార్లు చేస్తూ వినడం కిటికీలో నుంచి కనబడేది. ఆయన దిగిరాలేదు. కొన్నాళ్ళకు గోదామును ఎవరికో బాడుగకు ఇచ్చేశారు. మా చాప చుట్టి భాయి ఇంట్లో పెట్టాం.

తర్వాత కాంపౌండరు బదిలీ అడిగి తీసుకొని హిందూపురం వైపు వెళ్ళిపోయాడు. అక్కడ పాడుతున్నాడో లేదో తెలియలేదు. హార్మోనియం అన్న నాటకాల్లో వేషాలు కట్టి, పాటలూ తానే పాడుకుంటూ చుట్టుపక్కల ఊళ్ళలో పేరు తెచ్చుకున్నాడు. పరుపులు కుట్టించుకునేవాళ్ళు లేక భాయి ఊరు వదిలాడు. నాకు ముదిగుబ్బకు బదిలీ అయింది. పెళ్ళయింది.

అరవైలు సగం దాటాక ఒక పని మీద అనంతపురం పోయాను. బజారులో పెళ్ళి ఊరేగింపు ఎదురైంది. ఎర్రకోట్లు వేసుకున్న బ్యాండువాళ్ళ ముందు వరుసలో భాయి ఉన్నాడు. కోటు భుజాల దగ్గర వదులుగా ఉంది. నన్ను చూసి క్లారినెట్టు నోట్లో ఉండగానే కనుబొమలు ఎగరేశాడు. ఆగడానికి లేదు కాబట్టి నేనే ఆయన పక్కన నడిచాను. రెండు పాటల మధ్య దొరికిన ఎడంలో పిల్లల గురించి అడిగాడు. నేను ఆయన ఆరోగ్యం అడిగాను.

తర్వాత, "ఆ ఇద్దరూ మాట్లాడుకుంటాండారా?" అన్నాడు.

లేదని చెప్పాను.

ఆయన తల ఊపాడు. మళ్ళీ ఎప్పుడైనా నలుగురం కలిస్తే తను వస్తానని, తనను ప్రత్యేకంగా పిలవాల్సిన పని కూడా లేదని అన్నాడు. బ్యాండు మాస్టరు చెయ్యెత్తగానే క్లారినెట్టు నోట పెట్టుకొని ముందుకు కదిలాడు. ఊరేగింపు మలుపు తిరిగేదాకా నిలబడి విన్నాను. అన్ని వాయిద్యాల మధ్య కూడా ఆయన వాయిద్యం నాకు విడిగా వినబడుతూనే ఉంది. తర్వాత ముదిగుబ్బ బస్సుకు టైమవుతోందని బస్టాండు వైపు నడిచాను.