చాందీ కోసం ఏడ్చినామె

హన్మంతు సారు హిందీలో కథలు రాస్తాడు. గంగారం దగ్గర వాళ్ల తండాలో ఆ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బడిలో హిందీ చెప్తాడు కదా, రాసుకోనీ అనుకుంటారు. ఆ కథలు ఎక్కడో ఉత్తరాది పత్రికల్లో వస్తాయి, ఎవరెవరో ఫోన్ చేసి మెచ్చుకుంటారు. మొదట వినేది మాత్రం ఆయన అక్క చాందీ. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఆమె, మిరప ఏరే కూలికి పోయి చదివించింది ఆమె. కథ పూర్తయితే దాన్ని ఇంట్లో మాట్లాడే లంబాడీలో అక్కకు చెప్పందే ఆయనకు తిన్నది అరగదు.

అలాంటి అక్కకు గుండె జబ్బు. ఆపరేషన్‌కు వరంగల్ పోదామనుకుంటుండగా, వాకిట్లో వడ్లు ఆరబోస్తున్న ఆమెను ఓ కాకి నెత్తిన తన్ని పోయింది. ఇక చూస్కోండి! కాకి తంతే చావు వెంటపడుతుందట. మనిషి పోయిందని దూరపు చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి, వాళ్లు నిజమనుకుని ఏడిస్తేనే గండం తప్పుతుందట. ఎవరైనా ఏడ్చేదాకా దవాఖాన గడప తొక్కనని చాందీ భీష్మించుకుంది. డాక్టరేమో ఆలస్యమైతే ప్రాణానికే ముప్పంటాడు.

ఇలాంటి నమ్మకాలంటే హన్మంతుకు ఒళ్లుమంట. అయినా తప్పుతుందా? ముంబైలో కూలి చేసుకునే చిన్నాయన కొడుకు ధర్మాకు కబురు పెట్టాడు. ధర్మా ఏడవకుండా చాందీ ఇంటికి వీడియో కాల్ చేశాడు. ఎత్తింది సాక్షాత్తూ చాందీయే. పైగా "తిన్నవా తమ్మీ?" అని అడిగింది. పాడు ఫోన్లు, ఓ అబద్ధాన్ని కూడా బతకనివ్వవు.

దాంతో హన్మంతు కథ రాశాడు. అక్క కథే, అక్క పేరుతోనే. చివర ఆమె చనిపోతుంది. నెట్‌లో వచ్చే ఓ పత్రిక దాన్ని వెంటనే వేసింది. ఈ ఒక్క కథ మాత్రం అక్కకు చెప్పలేదు.

చాందీ కూతురు ప్రియకు హిందీ వచ్చు. ఫోన్‌లో చూసి తల్లికి చదివి వినిపించింది. చాందీ ఆయాసపడుతూ తమ్ముడి ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"నన్ను చంపినవట గద తమ్మీ. ఎట్ల చేతులాడినయిరా నీకు?"

ఆమె కళ్లనిండా నీళ్లు. తమ్ముడు తన మీద ఆశ వదులుకున్నాడనుకుంది. హన్మంతు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నిన్ను ఎరిగినోళ్లంత ఫోన్ల జూస్తున్నరు అక్కా. ఎరుగనోళ్లతోనన్న ఏడ్పిద్దామని రాసిన."

"కథల సచ్చినదానికి ఎవరేడుస్తరు?"

పొద్దున్నుంచీ పాఠకుల ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందులో ఒక నంబరుకు హన్మంతు తిరిగి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. భోపాల్ అవతల ఏదో పల్లె నుంచి ముసలామె గొంతు. ముద్ద దిగడం లేదట, పోయిన తన అక్కే గుర్తొచ్చిందట. అంటూనే బావురుమంది.

చాందీకి హిందీ రాదు. తండా భాష దానికి దగ్గరే గనుక సగం అర్థమైంది, ఇక ఏడుపుకు భాషేముంది? తండా ఆడవాళ్లు ఒకరు ఏడిస్తే రెండో వాళ్లు ఊరుకోరు, మెడ కావలించుకుని రాగం తీసి ఏడుస్తారు. చాందీ ఫోన్ లాక్కుని గుండెకు హత్తుకుంది, రాగమెత్తింది. అక్క ఎక్కడ నిజం చెప్పేస్తుందోనని హన్మంతు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నాడు. మీరెవరమ్మా అని అడిగింది ముసలామె. చాందీ తమ్ముడి వైపు చూసి, "చాందీ చెల్లెను" అంది.

ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. ఫోన్ పెట్టేశాక చాందీ కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు పోదాం తీ, దవాఖానకు."

హన్మంతు ఆమె చేయి పట్టుకున్నాడు.

"కని తమ్మీ, గామె పాపం నిజమనుకొనే ఏడ్చింది. చాందీ బతికొచ్చిందని ఇంకో కథ రాయి." చేయి విడిపించుకుని లేచింది. "నేను రాకున్నా సరే, వచ్చిందనే రాయి."