కళ్లలో దిగని పసుపు

అద్దకం షెడ్డులో పనిచేసేవాళ్ల ఒంటికి ఏ రంగున్నా ఎవరూ పట్టించుకోరు. మేస్త్రీ ఒళ్లు పచ్చబడినప్పుడూ అంతే. పసుపు కాగు ఆయనదే మరి. గరిటె ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. రంగుల పాళ్లు కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదు.

"కాగులో దొర్లి వచ్చావా ఏంటి?" అంటూ భార్య వీపు రుద్దేది. ఒళ్లంతా దురదంటే, రంగు పడక కాబోలని సబ్బు మార్చింది. తర్వాత కొన్నాళ్లు షెడ్డులో నీలం పనే నడిచింది. చేతులు నీలమయ్యాయి. కళ్లలో పసుపు మాత్రం దిగలేదు. అప్పుడు ఆమె మరిదిని తోడు పిలిచి, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమెనీ, మరిదినీ పక్కకి పిలిచింది.

"పైత్యరసం దిగే గొట్టానికి గడ్డ అడ్డుపడిందమ్మా. దాన్ని తియ్యలేం, రక్తనాళాలకి అతుక్కుపోయింది. గొట్టాన్ని పేగుకి కలిపి కుట్టి పక్కదారి పెడతాం. కామెర్లు తగ్గుతాయి, దురద పోతుంది. గడ్డ మాత్రం అలాగే ఉంటుంది."

వరండాలోకి రాగానే మరిది అన్నాడు. "వదినా, అన్నయ్యకి గడ్డ సంగతి చెప్పకు. బెంగతోనే పోతాడు."

"నా మొహం చూస్తే తెలిసిపోదూ?"

"అయితే మొహం చూపించకు."

ఆపరేషన్ అయ్యాక మేస్త్రీ కంటినిండా నిద్రపోయాడు. రానురానూ పచ్చదనం దిగింది. "కొత్త పెళ్లికొడుకులా ఉన్నావు," అన్నారు షెడ్డులోవాళ్లు. ఆమె కూడా నవ్వి, ఆరేసిన గుడ్డల వెనక్కి వెళ్లిపోయింది. అన్నం పెట్టినా, మందు ఇచ్చినా తల వంచుకునే ఇచ్చేది. చెప్పకపోవడం మోసమేమో, చెబితే ఆ నిద్ర కూడా పోతుందేమో, ఆమెకి ఎటూ తేలలేదు.

ఒక ఉదయం ఆయన కాగు పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. గరిటె ఎత్తబోయి దించేశాడు.

"ఇలా రా. పట్టుకో."

"నాకెందుకయ్యా? ఒంట్లో సత్తువ వచ్చాక నువ్వే..."

"ముందు రంగు వేడినీళ్లలో పూర్తిగా కరగాలి. ఉప్పు తర్వాత, కొంచెం కొంచెంగా. తొందరపడితే గుడ్డకి మచ్చలు పడతాయి."

ఆమె గరిటె పట్టుకుంది.

"కలుపు. పాళ్లన్నీ నేర్పుతాను. నీ మరిదికి మాత్రం చెప్పకు, వాడి నోట్లో ఏదీ దాగదు."

ఆమె ఇన్నాళ్లకి తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. కళ్లు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

"అడుగంటుతుంది, కలపవే," అన్నాడు మేస్త్రీ.