రెండు చెవుల మధ్య ముఖం

"ఒరేయ్, రెండు చెవులున్నాయి, మధ్యలో ముఖం లేదంటే నమ్ముతావా?" క్యారియర్ తెచ్చిన తమ్ముణ్ని కూర్చోనివ్వకుండానే అడిగింది తుడుపక్క.

"ఎవరికక్కా?"

"క్వేజార్‌కిరా!"

వాచీల దుకాణం నడుపుకొనే ఆ తమ్ముడు స్టూలు లాక్కున్నాడు. అక్క మొదలెడితే అన్నం చల్లారిపోతుందని తెలుసు. ఆ కబుర్ల కోసమే మరీ వస్తాడు.

ఇరవై రెండేళ్ల కిందట ఈ టెలిస్కోపు ఆఫీసులో టైపిస్టుగా చేరిందామె. ఉత్తరాలు కొడుతూ కొడుతూ పక్కబల్ల మీది ఫొటోల్లోకి తొంగిచూడటం మరిగింది. అడిగి కొంత, తిట్లు తిని కొంత నేర్చుకుంది. ఇప్పుడామె పని వెలుగు తుడవడం. క్వేజార్ అంటే ఏదో గెలాక్సీ నడిబొడ్డున, బ్లాక్‌హోల్ చుట్టూ భగ్గుమంటున్న వాయువు. దాని ధగధగ ముందు ఆ గెలాక్సీ ఎంతటిదైనా సూర్యుడి ముందు దివిటీయే. అందుకని ఒంటరి నక్షత్రమొకటి ఫొటోలో ఎలా అలుముకుందో చూసి, ఆ ఆకారాన్నే అచ్చుగా పెట్టి క్వేజార్ వెలుగును తీసేస్తారు. మిగిలిన మసకే గెలాక్సీ. అలా తుడిచీ తుడిచీ ఆమెకా పేరొచ్చింది.

ఈసారి మసకైనా మిగల్లేదు. రేడియో తరంగాలతో గీసిన పటంలో మాత్రం అటొకటి ఇటొకటి, ఏనుగు చెవుల్లా రెండు మబ్బులు. రేడియోలో ఇంత గోల చేసే క్వేజార్లు మామూలుగా భారీ గెలాక్సీల్లోనే కాపురముంటాయి. అయినా ఆఫీసు పెద్దసారు ఆమె తుడిచిన ఫొటో చూసి, క్వేజార్ల జాబితాలో "గెలాక్సీ లేదు" అని రాసేశారు. జాబితా నాలుగింటికి బయటికి వెళ్తుంది, కింద ఆమె పేరుతో సహా. గోడగడియారం మూడున్నర దాటింది.

"పొద్దున్నించి వెతికి పట్టానురా తప్పు. ఎవరిదనుకున్నావ్? నాదే!"

"తప్పు చేసి ఇంత సంబరమేంటే?"

"నా బంగారుతల్లి చేసిన పనిరా ఇది!"

బంగారుతల్లి ఆమె ముద్దు నక్షత్రం. ఏ రాత్రి ఫొటోకు ఆ రాత్రి నక్షత్రమే వాడమని పెద్దసారు చెవినిల్లు కట్టుకుని పోరినా, ఏళ్ల తరబడి దాని పాత ఫొటోతోనే తుడిచేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ పాత ఫొటో తీసిన రాత్రి గాలి అల్లకల్లోలం, నక్షత్రం ఉబ్బినట్టు పడింది. క్వేజార్‌ను తీసిన రాత్రి గాలి నిలకడ. ఉబ్బిన అచ్చు వెలుగుతోపాటు గెలాక్సీనీ మింగేసింది.

"ఇప్పుడు చూడు." క్వేజార్ ఫొటో మూలనున్న నక్షత్రాన్నే అచ్చుగా తీసుకుని మీట నొక్కింది.

మధ్యనున్న చుక్క మాయమైంది. దాని చోట, అద్దం మీద ఊపిరి వదిలినట్టు, కోలగా ఒక మసక.

"మరకేమో అక్కా!"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందిరా!" అంటూనే ఆమె మళ్లీ మీట వైపు వంగింది. అదే అచ్చుతో పక్కనున్న ఇంకో నక్షత్రాన్ని తుడిచింది. అక్కడ ఏమీ మిగల్లేదు. మరకైతే అక్కడా ఉండాలి!

కుర్చీ వెనక్కి పడిపోయేంత జోరుగా లేచింది. "ముఖం! చెవులకు తగ్గ ముఖం!"

"మరి అన్నం?"

"అన్నానికేం తొందర! ఆ ముఖం కోట్ల ఏళ్లుగా కాచుకుని ఉంది, అన్నం ఒక్క గంట ఆగలేదా? నువ్వు పైకి పరుగెత్తు. జాబితా పంపొద్దని పెద్దసారుకి చెప్పు, నేను ఈ ఫొటో ప్రింటు తీసుకుని వస్తున్నా. తప్పు ఎవరిదని అడిగితే నోరెత్తకు, ఆ మాట నేనే చెప్పుకుంటా. జాబితా ఒక్కటీ ఆపించరా, నాయనా!"