నుంచా? కాబట్టా?

ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో తెలుగులో వచ్చిన ప్రతి కాగితాన్నీ ఇరవై ఆరేళ్ళపాటు ఇంగ్లీషులోకి మార్చింది ఆమే. సెలవు అర్జీలు, ఫిర్యాదులు, వాంగ్మూలాలు, అన్నీ. ఒక్క కాగితం కిందా ఆమె పేరుండదు. సంతకం మేనేజరుది. ఆమె ఉద్యోగం టైపిస్టు, జీతమూ టైపిస్టుదే. పనివాళ్ళకి ఆమె టైపక్క. "అనువాదం పని చేస్తున్నావు, ఆ పోస్టు అడగొచ్చుగా" అని భర్త అంటే, "అడిగితే ఉన్నది ఊడుతుంది. పేరేమన్నా మెడలో వేసుకుని తిరుగుతానా?" అని నవ్వేసేది.

పేరు లేకపోతే ఏమవుతుందో కటింగు మిషను దగ్గర తెలిసింది.

ఆ మిషను మీద పనిచేసే నలభై ఏళ్ళ మనిషికి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. బ్లేడు ముందు ఉండాల్సిన ఇనుప మూత లేదు. పని నెమ్మదిస్తోందని సూపర్‌వైజరు ఎప్పుడో తీయించేశాడు. విచారణ హెడ్డాఫీసులో. అక్కడి అధికారికి తెలుగు రాదు. అందుకని అతను చేతికట్టుతో వచ్చి టైపక్క ముందు కూర్చున్నాడు.

"మెల్లిగా చెప్పు తమ్ముడూ. నా మిషను నీ మిషనంత స్పీడు కాదు."

"మీ మిషను వేళ్ళు తినదుగా అక్కా. రాయండి. నేను ఆ మిషను మీదికి వచ్చినప్పటి నుంచీ మూత లేదు. అంతే, ఇంకేం లేదు."

'ద కవర్ వజ్ నాట్ దేర్ సిన్స్ ఐ కేమ్ టు ద మెషీన్' అని కొట్టింది. మేనేజరు లోపలినుంచి తొందరపెడుతున్నాడు. చదివి వినిపించలేదు. అతను ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు.

చిన్నప్పుడు మేస్టారు బెత్తం పట్టుకుని చెప్పేవారు: ఫర్ అంటే ఎంతకాలం, సిన్స్ అంటే ఎప్పటి నుంచి. అదే సిన్స్‌కి 'కాబట్టి' అనే అర్థం కూడా ఉందని ఆమె నేర్చుకున్నది ఈ ఆఫీసులోనే. 'మీ సరుకు ఆలస్యమైంది కాబట్టి' అని మేనేజరు రాయించే ఉత్తరాలన్నీ దానితోనే మొదలయ్యేవి. అంటే రెండు అర్థాలూ ఆమె వేళ్ళకి తెలుసు. ఆ పూట మాత్రం బెత్తం నేర్పినదొక్కటే గుర్తొచ్చింది. 'వజ్ నాట్' బదులు 'హ్యాడ్ నాట్ బీన్' అని కొట్టి ఉంటే వాక్యం 'నుంచి' దగ్గరే నిలిచేది. అలా కొట్టలేదు. వాక్యం 'కాబట్టి' వైపు ఒరిగింది.

మూడు వారాలకి హెడ్డాఫీసు ఉత్తర్వు వచ్చింది. దాన్ని తెలుగులోకి మార్చి బోర్డు మీద పెట్టాల్సిందీ ఆమే. "మిషను తన చేతికి వచ్చింది కాబట్టే మూత లేకుండా పోయిందని కార్మికుడు స్వయంగా ఒప్పుకున్నాడు. తప్పు అతనిదే. పనిలోంచి తీసేస్తున్నాం." 'స్వయంగా' దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

లేచి మేనేజరు దగ్గరికి వెళ్ళింది. "సార్, ఆయన 'నుంచి' అన్నాడు, 'కాబట్టి' అనలేదు. నేను రాసిన వాక్యమే రెండు రకాలుగా ఉంది."

"నువ్వు రాశావా? ఏదమ్మా, నీ పేరెక్కడుంది చూపించు." కాగితం తిప్పి ఆమె ముందుకు తోశాడు. "కింద ఉన్నది నా సంతకం. నాకు ఏ అనుమానమూ లేదు. రెండేళ్ళలో రిటైరయ్యేదానివి, ఇప్పుడెందుకమ్మా లేనిపోని వ్యాకరణం?"

హెడ్డాఫీసుకి ఉత్తరం రాయొచ్చు. కనీసం గేటు దగ్గర నలుగురికి చెప్పొచ్చు. తేలు కుట్టిన దొంగలా వచ్చి కూర్చుని, 'కాబట్టే' అని తప్పులేకుండా కొట్టింది.

గుర్తింపు కార్డు అప్పగించడానికి వచ్చినప్పుడు అతనే ఓదార్చాడు. "మీరు బాగానే రాశారక్కా, ఒక్క కొట్టివేత లేదు. నేనే సరిగ్గా చెప్పలేదేమో. నాకు మాట తిన్నగా రాదుగా."

'కాదు తమ్ముడూ' అనాలి. "టీ తాగుతావా?" అంది.

రిటైరయ్యాక ప్రతి ఆదివారం కార్మిక సంఘం ముందుగదిలో కూర్చుంటోంది. ఎవరి వాంగ్మూలమైనా ఇంగ్లీషులోకి మార్చి, మళ్ళీ తెలుగులో వాళ్ళకే చదివి వినిపిస్తుంది. "ఎప్పటి నుంచి అనా? కాబట్టి అనా?" అని గుచ్చి గుచ్చి అడుగుతుంది.

"ఏంటి పెద్దమ్మా, ప్లీడరులా అడ్డంగా అడుగుతావు?" అని ఒకామె విసుక్కుంది.

"అడ్డంగా అడక్కపోతే నిలువునా మునుగుతావే తల్లీ" అని, కాగితం కింద తన పేరు రాసి సంతకం చేసింది.

వేళ్ళు పోయిన ఆ తమ్ముడి వీధి మలుపు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చింది. మూడోసారి తలుపు తట్టింది. అంతా చెప్పింది.

"అయితే నేను సరిగ్గానే చెప్పానన్నమాట" అన్నాడతను. "నా నోటి తప్పేనని ఇంట్లో ఐదేళ్ళుగా చెప్తున్నానక్కా."

తిరిగి విచారించమని ఆమె తన పేరుతో అర్జీ పెట్టింది. ఇంతవరకూ జవాబు లేదు.

చదువుతున్న మీకు ఒక మాట. మీ మాటను వేరే భాషలోకి మార్చిన కాగితం మీద, మీ భాషలో తిరిగి చదివించుకోకుండా సంతకం పెట్టకండి. మార్చినవాళ్ళ పేరు కింద ఉండాలని పట్టుబట్టండి. ఇంగ్లీషు వచ్చిన వాళ్ళయితే, వారానికొక గంట మీ దగ్గరలోని పనివాళ్ళ పక్కన కూర్చోండి. 'నుంచా? కాబట్టా?' అన్న ఆ ఒక్క ప్రశ్న అడగండి. అడగడానికి అర నిమిషం కూడా పట్టదు.