మీటమీటకీ కుంకుమ బొట్టు

మా చిన్నప్పుడు కంప్యూటర్ ముందు చెప్పులు విప్పి నిలబడేవాళ్ళం... నవ్వకండి, నిజం.

నేను నరసరావుపేటలో తొమ్మిదో తరగతి చదువుతుండగా మా బడికి సర్కారు ఒక కంప్యూటర్ పంపింది. మ్యాపులూ గ్లోబులూ పెట్టుకునే గదిని ఖాళీ చేసి, సున్నం వేసి, కిటికీలకు ఆకుపచ్చ తెరలు కట్టి, దాన్ని అందులో కూర్చోబెట్టారు. సైన్సు మాస్టారిని దానికి ఇన్‌ఛార్జి చేశారు. మేం వరసగా లోపలికి వెళ్ళాలి, చేతులు వెనక్కి కట్టుకోవాలి, చూసి బయటికి రావాలి. అంతే... ముట్టుకోవడానికి లేదు.

నాకేమో అప్పుడే మాటల పిచ్చి పట్టింది. కొత్త మాట దొరికితే పిప్పరమెంటు బిళ్ళలా బుగ్గన పెట్టుకుని తిరిగేదాన్ని. కంప్యూటర్ తెర మీద మినుకుమినుకుమనే ఆ చిన్న గీతను 'కర్సర్' అంటారని తెలిసిన రోజు అన్నం కూడా సయించలేదు. ఆ గీత వెంట నేను కొట్టిన మాట ఒక్కటి నడవాలి... అంతకు మించి నేనేమీ కోరుకోలేదు.

మిషనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని మాస్టారిని బతిమాలి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. పాత శుభలేఖ వెనక కీబోర్డు మీటలన్నీ గీసుకుని, వసారాలో బోర్లా పడుకుని, వేళ్ళతో కొట్టుకుంటూ ఉండేదాన్ని. కొన్నాళ్ళకు కళ్ళు మూసుకున్నా ఏ అక్షరం ఎక్కడుందో చెప్పగలిగాను.

దసరా సెలవులిచ్చే రోజు బడిలో ముందుగానే ఆయుధపూజ చేశారు. మా వైపు చక్రం ఉన్నదేదీ, కరెంటుతో నడిచేదేదీ ఆ రోజు బొట్టు లేకుండా ఉండదు. సైన్సు మాస్టారు గిన్నెలో పసుపు తడిపి, ఒక్కో మీటకీ పూసి, దాని మీద కుంకుమ అద్దారు. ప్రతి మీటకీ! ఆపైన కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు చిలకరించారు.

"ఏమే, ఇది మిషనా, పెళ్ళికూతురా?" అంది మస్తాన్‌బీ నా చెవిలో. మస్తాన్‌బీ నా పక్క బెంచీ స్నేహితురాలు. దానికి నవ్వు ఆగడం లేదు. నేను మాత్రం చెయ్యెత్తాను.

"సార్, నీళ్ళు తగలకూడదని పుస్తకంలో ఉంది సార్..." అన్నాను.

"ఏందమ్మా, నాకే పాఠం చెప్తున్నావా? దండం పెట్టుకుని పక్కకి జరుగు."

ఇంటికొచ్చి నాయనమ్మతో చెప్తే ఆవిడా అంతే. "బొట్టు పెడితే మిషను చెడిద్దంటే? మాచర్ల బస్సుకి పెట్టట్లా? రైసుమిల్లుకి పెట్టట్లా? అయ్యి తిరగట్లా?"

"బస్సుకి అన్ని సందులుండవు నాయనమ్మా!"

"నోరు మాత్రం చానా బాగా పనిచేస్తంది నీకు."

సెలవులయ్యాక గుంటూరు నుంచి ఒక పెద్దాఫీసరు వస్తున్నారన్నారు. ఆయన ముందు ఎవరో ఒక విద్యార్థి మిషను మీద 'వెల్కమ్' అని ఇంగ్లీషులో కొట్టాలి. మీటలు ఎక్కడున్నాయో తెలిసింది నాకొక్కదానికే కాబట్టి నన్నే పిలిచారు. తలంటు పోసుకుని, ఇస్త్రీ పరికిణీ కట్టుకుని వెళ్ళాను.

మొదటి అక్షరం పడింది. నా వేలి కింద నుంచి వచ్చిన అక్షరం! రెండోది 'ఈ'. నొక్కాను. ఎండిన పసుపు కరకరమంది. మీట లోపలికి దిగింది... మళ్ళీ పైకి రాలేదు.

తెర నిండా ఈ, ఈ, ఈ... వరస తర్వాత వరస.

"ఏందయ్యా, మీ పిల్లకి వచ్చింది ఇదొక్క అక్షరమేనా?" అన్నారు ఆఫీసరు గారు. అందరూ పగలబడి నవ్వారు.

"ఏం నొక్కావే?" అని మాస్టారు అరిచారు. నేను రెండు చేతులూ పైకెత్తి చూపించాను. అక్షరాలు పడుతూనే ఉన్నాయి. వెనక నుంచి మస్తాన్‌బీ, "చెయ్యి తీసేసినా పడతన్నయ్యి గదా సార్!" అంది. విన్నవాళ్ళు లేరు.

"పసుపు ఎండిపోయి ఇరుక్కుంది సార్..."

"నోర్ముయ్! చేసింది చాలక పూజని తప్పుబడతావా?"

హెడ్మాస్టరు గారు తాపీగా అన్నారు: "అందుకే ఆడపిల్లల్ని ముట్టుకోనియ్యొద్దంది."

మర్నాడు ప్రార్థనలో, అజాగ్రత్త వల్ల ఒక విద్యార్థిని కంప్యూటర్ పాడుచేసిందని చెప్పారు. అందరి తలలూ నా వైపే తిరిగాయి. గదికి తాళం పడింది. బాగుచేయించడానికి ఎవరూ ప్రయత్నించలేదు. తప్పు నా మీద వేశాక ఇక వాళ్ళకు పనేముంది?

అసలు కడుపు మండే సంగతి ఇప్పుడు చెప్తాను. మరుసటి దసరాకి తాళం తీశారు. దుమ్ము దులిపారు. చచ్చిపడి ఉన్న ఆ మీటలకి, మునిగిపోయిన ఆ 'ఈ'తో సహా, మళ్ళీ పసుపు పూసి బొట్లు పెట్టారు! మమ్మల్ని చెప్పులు విప్పి దండం పెట్టమన్నారు. నేను చెప్పులు విప్పాను. చేతులు మాత్రం జోడించలేదు.

నేను పూజకి వ్యతిరేకిని కాను. మా ఇంట్లో ఇప్పటికీ దసరాకి ల్యాప్‌టాప్‌కి బొట్టు పెడతాను. మూత మీద, పొడి కుంకుమతో, ఆపేసి, ప్లగ్గు పీకేశాక. మీరూ అలాగే పెట్టండి. మీటల జోలికి మాత్రం తడి వేలు పోనివ్వకండి. టీ గ్లాసు దూరంగా పెట్టుకోండి. పొరపాటున ఏమైనా ఒలికితే వెంటనే ఆపేసి, బోర్లించి ఆరబెట్టండి. అంతేగానీ పక్కనున్న పిల్లని తిట్టకండి.

ఇవాళ మా అమ్మాయి మంచం మీద కూర్చుని, జంతికలు నములుతూ, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని టకటకా కొట్టేస్తుంటుంది. "పొడి పడుతుందే!" అని కసురుతానే గానీ, ముట్టుకోవద్దని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఇంటికి కొత్త కంప్యూటర్ ఏదొచ్చినా మొదట కూర్చునేది నేనే. కొట్టేది ఆ ఒక్క మాటే... చివరి అక్షరం దాకా.

మీ బడిలోనూ ఇలాంటి తాళం గది ఒకటి ఉండేదా? రాయండి... పేర్లు చెప్పకపోయినా పర్లేదు. కోపం మాత్రం దాచుకోకండి.